సొన మరక పంచె

తుమ్మెదగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. అక్కడి వేసవి ఎలాంటిదంటే, మిట్టమధ్యాహ్నం కాకులు కూడా నేల మీద వాలేవి కావు. అలాంటి ఊళ్ళో ఒంటి నిండా మఖమలు తొడుక్కోవాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందా? పుట్టింది. దారినపోయేవాడికెవడికో పుట్టి ఉంటే నవ్వి ఊరుకుందుము. సాక్షాత్తూ రాజుగారికే పుట్టింది.

రాజుగారి పేరు అనంగపాలుడు. మనిషి మంచివాడే. పన్నులు పెంచలేదు, లేనిపోని యుద్ధాలు తెచ్చిపెట్టలేదు. ఆయనకున్నవల్లా రెండు గొప్పలు. తనంత చక్కగా బట్ట కట్టేవాడు భూమ్మీద లేడన్నది మొదటిది. తన వంశంలో ఆచారం తప్పినవాడు పుట్టలేదన్నది రెండోది. రోజూ పొద్దున ఆయన సింహాసనం ఎక్కేటప్పుడు వందిమాగధులు "ఆచార పరిపాలనా ధురంధరా" అని రాగం తీసేవారు. ఆ రాగం పూర్తిగా చెవిన పడేదాకా ఆయన కూర్చునేవాడు కాదు.

ఆ ఏడు ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకు మంచుకొండల అవతలి దేశం నుంచి ఒక వర్తకుడు వచ్చి రాజుగారికి ఒక నిలువుటంగీ కానుకగా ఇచ్చాడు. మోకాళ్ళు దాటే మఖమలు, గొంతుదాకా గుండీలు, ముంజేతుల మీద జరీ, భుజాలకు కుచ్చులు. తమ దేశంలో రాజులూ రాజోద్యోగులూ వేసవిలో ఇవే తొడుగుతారని అతను చెప్పాడు. తమ దేశంలో వేసవిలోనూ జనం కుంపటి పక్కనే కూర్చుంటారన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. అందులో అతని తప్పేముంది.

రాజుగారు అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. ఇంకేముంది, మర్నాడే దండోరా వేయించారు. ఈ వేసవికి తుమ్మెదగిరి ఆస్థానంలో మఖమలే వేషం. వారానికొక రంగు. ఈ వారం చిలకపచ్చ అయితే పై వారం దానిమ్మ పువ్వు. రంగు మారిన రోజున అందరూ కొత్త అంగీతో రావాలి, వాటిని కోటలో దర్జీలే కుట్టి ఇస్తారు. పాతబట్టతో ఎవరైనా కొలువులో కనబడితే, ఆ బట్టతోనే సభ ముందున్న ముంగిట్లో, కొలువు ముగిసేదాకా ఎండలో నిలబడాలి. ఇక ఇళ్ళల్లో మూలుగుతున్న పాతబట్టలన్నీ వీధి వీధికీ వచ్చే భటులకు అప్పగించాలి. వాటిని చించి కోటకు దివిటీల వత్తులు చేస్తారు.

దండోరా విన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వేలు తీశాక మఖమలు తొడుక్కుని కొలువుకు వెళ్ళారు. రాజాజ్ఞ కదా, ఏం చేస్తారు.

నాలుగు రోజుల్లోనే కొలువు వాలకం మారిపోయింది. మంత్రిగారు రాజ్యవ్యవహారాలు విన్నవిస్తూ వీపును స్తంభానికేసి రుద్దుకునేవారు. పురోహితుడు వేదం చదువుతూ మధ్యలో చంకలో గోక్కునేవాడు. అందరికీ ఒళ్ళంతా చెమటకాయలు. ముసలి కోశాధికారి ఒకరోజు ఓర్చుకోలేక తన పాత నూలు కండువా మెడలో వేసుకుని వచ్చాడు. ఆయనను ముంగిట్లో ఎండలో నిలబెట్టారు. పాపం, సాయంత్రం ఇంటికి పల్లకీలో మోసుకెళ్ళవలసి వచ్చింది. ఆ తర్వాత ఎవరూ కిమ్మనలేదు.

ఆ కొలువులో చెన్నుభట్టు అని ఒకడుండేవాడు. చిక్కుప్రశ్నలు విప్పడం, రాజుగారికి విసుగు పుట్టినప్పుడు నవ్వించడం అతని ఉద్యోగం. మఖమలు వచ్చినప్పటి నుంచి అతనికి చెప్పడానికి చమత్కారం ఒక్కటీ తోచడం లేదు. గోక్కుంటున్నవాడికి చమత్కారం ఎక్కడి నుంచి వస్తుంది? అయినా కళ్ళు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. ఆ కళ్ళకు ఒక వింత కనబడింది. కొలువంతా గోక్కుంటోంది గాని రాజుగారు గోక్కోవడం లేదు. అందరికన్నా బరువైన అంగీ ఆయనదే. అయినా హాయిగా కూర్చుని మీసం దువ్వుకుంటున్నారు. రాజుల చర్మం వేరుగా ఉంటుంది కాబోలని చెన్నుభట్టు అప్పటికి సరిపెట్టుకున్నాడు.

దానిమ్మ పువ్వు వారం మొదలయ్యే రోజు తెల్లవారింది. ఆ ఉదయమే భటులు చెన్నుభట్టు వీధికి వచ్చారు. అతని ఇంట్లో ఒక భోషాణం ఉంది. అందులో వట్టివేళ్ళ మధ్య మడతలు పెట్టి దాచిన బట్టలున్నాయి. వాటన్నిటి కిందా ఒక నూలు పంచె. అతని తల్లి ఒక చలికాలమంతా కూర్చుని వడికిన నూలుతో నేయించింది. అతను మొదటిసారి కొలువుకు వెళ్ళిన రోజు కట్టుకున్నది అదే. ఆ రోజు ఇంటికి రాగానే సంబరంగా మామిడిపండు తింటూ దాని మీద సొన కార్చుకున్నాడు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మరక పోలేదు. తల్లి ఆ రోజు తిట్టిన తిట్లు కూడా అతను మరిచిపోలేదు. తల్లి పోయి చాలా కాలమైంది. ఆ పంచె మాత్రం ప్రతి వేసవీ బయటికి వచ్చేది. ఏటేటా మెత్తబడుతూ, ఒంటికి తగిలితే చన్నీళ్ళు చల్లినంత హాయిగా ఉండేది.

భటులు భోషాణం ఖాళీ చేసి, బట్టలన్నీ మూట కట్టి దివిటీల కొట్టానికి తీసుకుపోయారు. పంచె కూడా ఆ మూటలోనే పోయింది. మిట్టమధ్యాహ్నానికల్లా చించడం మొదలవుతుందని పోతూ పోతూ ఒక భటుడు చెప్పాడు. చెన్నుభట్టు ఖాళీ భోషాణం ముందు కూలబడిపోయాడు.

అతని భార్య సోమిదేవమ్మ కూలబడే రకం కాదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, బియ్యం గాదెలో చెయ్యి పెట్టి, ఒక పాత పలుచని అంగీ బయటికి తీసింది.

"ఇది వాళ్ళ కంట పడలేదు. పైన ఆ బొంత తొడుక్కునే ముందు లోపల ఇది వేసుకోండి. చెమట ఇది పీల్చుకుంటుంది. లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు?" అంది.

చెన్నుభట్టు వేసుకున్నాడు. పైన దానిమ్మ పువ్వు రంగు మఖమలు తొడిగి గుండీలు పెట్టుకున్నాడు. కొంతసేపు నిలబడ్డాడు. ఒళ్ళు దురద పెట్టడం లేదు. అతను భార్య వంక అదోలా చూశాడు. లోపల పాతబట్ట ఉంటే మఖమలు దురద పెట్టదు. మరి కొలువులో ఎన్నడూ గోక్కోని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ ఆలోచన తోచగానే చెన్నుభట్టుకు పోయిన ప్రాణం సగం లేచి వచ్చింది.

సోమిదేవమ్మకు అతని ఆలోచనతో పని లేదు. ఆమె పసుపు గిన్నె తెచ్చి కొత్త అంగీ అంచుకు పసుపు రాసింది. ఇన్ని రోజులూ ఆ మఖమలు హడావుడిలో ఎవరూ ఆ పని చేయలేదు. ఖరీదైన బట్టకు పసుపు మరకేమిటని కోటలో దర్జీలే వద్దన్నారు. ఈ రోజు మాత్రం ఆమె ఊరుకోదలుచుకోలేదు. కొత్తబట్ట కట్టుకున్నవాడు పసుపు పెట్టుకుని, పెద్దలకు మొక్కి, దీవెన తీసుకోకుండా గడప దాటితే ఆ బట్ట అచ్చిరాదని, ఇంట్లో ఇంత అనర్థం జరగడానికి కారణం అదేనని ఆమె గట్టిగా వాదించింది. ఇంట్లో పెద్దలెవరూ లేరు గనక కనీసం దేవుడికైనా మొక్కి వెళ్ళమంది.

చెన్నుభట్టు దేవుడి ముందు వంగాడు. వీపు మీద అంగీ చర్రున చిరిగింది. ఆ చలిదేశం అంగీలు నిటారుగా నిలబడడానికి కుట్టినవి. సాష్టాంగాలకు, పాదాభివందనాలకు కుట్టినవి కావు. సోమిదేవమ్మ అయ్యో అంటూ సూదీ దారం తెచ్చింది. చెన్నుభట్టు మాత్రం నేల మీద అలాగే ఉండి నవ్వడం మొదలుపెట్టాడు.

"పై పైన రెండు కుట్లు వెయ్యి చాలు. గట్టిగా వెయ్యకు," అన్నాడు.

ఆమెకు ఆ నవ్వు అర్థం కాలేదు. మీ నవ్వులు మీరు చూసుకోండి, నా పని నాకుంది అని, కొంగు బిగించుకుని దివిటీల కొట్టం వైపు నడిచింది. చెన్నుభట్టు కొలువు వైపు నడిచాడు.

కొలువు నిండుగా ఉంది. దానిమ్మ తోట పూసినట్టుందని రాజుగారు మురిసిపోతున్నారు. ఒక పక్కగా వట్టివేళ్ళ తడిక చాటున రాజుగారి మేనత్త బాయమ్మదేవి కూర్చుని ఉంది. రాజుగారిని చిన్నప్పుడు ఎత్తుకు పెంచింది ఆవిడే. రోజూ వచ్చి కూర్చునేది, విసనకర్ర ఆడించుకునేది, ఎవరి జోలికీ పోయేది కాదు. మఖమలు తొడుక్కోమని ఆవిడతో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చెన్నుభట్టు వచ్చి తన ఆసనం దగ్గర నిలబడ్డాడు గాని కూర్చోలేదు. రాజుగారు కారణం అడిగారు.

కొత్తబట్ట కట్టుకున్నాననీ, పెద్దలకు మొక్కకుండా ఆ బట్టతో కూర్చోవడం ఆచారం కాదనీ, అనుమతిస్తే సభలో పెద్దల దీవెన తీసుకుంటాననీ అతను వినయంగా విన్నవించుకున్నాడు. ఆచారం అన్న మాట వినబడగానే రాజుగారి మీసం లేచింది. తప్పకుండా కానిమ్మన్నారు.

చెన్నుభట్టు నేరుగా వట్టివేళ్ళ తడిక దగ్గరికి వెళ్ళి బాయమ్మదేవి ముందు వంగాడు. సోమిదేవమ్మ వేసిన కుట్లు చెప్పిన మాట విన్నాయి. వీపంతా మెడ నుంచి నడుము దాకా నిట్టనిలువునా విచ్చుకుంది. దాని కింద బియ్యం గాదెలో దాక్కున్న పాత అంగీ సభ మొత్తానికీ దర్శనమిచ్చింది.

కొలువులో ఒక్కసారి గుసగుసలు. ముసలి కోశాధికారి కళ్ళు మూసుకున్నాడు.

రాజుగారికి పట్టరాని సంతోషమైంది. ఎన్నాళ్ళుగానో ఈ చెన్నుభట్టు తన ముందు తప్పులో దొరకలేదు. అందరినీ నవ్వించేవాడిని చూసి ఈ రోజు అందరూ నవ్వాలని ఆయన సరదా.

"పాతబట్ట. మా కొలువులో, మా కళ్ళ ముందే. శిక్ష ఏమిటో తెలుసు కదా?" అన్నారు.

"చిత్తం. శిరసావహిస్తాను ప్రభూ. ముంగిట్లోకి వెళ్ళే ముందు ఒక్క మనవి. ఏలినవారి అంగీ కూడా ఈ రోజు కొత్తదే. దానికి పసుపు కనబడడం లేదు. పొద్దున వందిమాగధుల రాగం విన్నాను. అది వింటూ ఈ మాట అడగకుండా ఉంటే నా నోట్లో పురుగులు పడతాయని భయం వేసింది."

రాజుగారికి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆయన పురోహితుడి వైపు చూశారు. పురోహితుడు చంక గోక్కోవడం ఆపి, నేల చూపులు చూస్తూ, ఆచారం ఆచారమే అన్నట్టు ఏదో గొణిగాడు. రాజుకన్నా పెద్ద ఎవరని రాజుగారు గద్దించారు. దానికి జవాబు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పట్టాభిషేకం నాడు కొత్తబట్టలతో ఆయన ఎవరి పాదాలకు మొక్కారో సభంతా చూసింది. తడిక చాటున విసనకర్ర కూడా ఆగిపోయింది.

"ఇంతకీ నీ ఉద్దేశం ఏమిటి?" అన్నారు రాజుగారు, కోపంగా. "మాకు కూడా నీకు పట్టిన గతే పడుతుందనా? నీ అంగీ చిరిగింది నీ దర్జీ చేతగానివాడు గనక. మా అంగీ మా సొంత దర్జీ కుట్టాడు. ఆచారంలోనూ మేమే ముందు, వేషంలోనూ మేమే ముందు. నువ్వు ముంగిట్లో నిలబడి చూడు."

భటులు చెన్నుభట్టును ముంగిట్లోకి తీసుకుపోయారు. అక్కడి నుంచి సభ అంతా కనబడుతుంది. కాళ్ళ కింద రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. సూర్యుడు నడినెత్తికి రావడానికి ఇంకెంతో లేదు. కొట్టంలో కత్తెర్లు సిద్ధంగా ఉండే ఉంటాయి. రాజుగారు ఇప్పుడు మనసు మార్చుకుని సింహాసనం మీద కూర్చుండిపోతే తను ఎండలో, పంచె దివిటీలో. ఒక్క క్షణం చెన్నుభట్టుకు నిజంగానే భయం వేసింది.

రాజుగారు కూర్చోలేదు. గర్వం ఉన్నవాడు అలాంటప్పుడు కూర్చోలేడు. పసుపు తెప్పించి అంగీ అంచుకు పెట్టించుకున్నారు. రొమ్ము విరుచుకుని నడిచి వెళ్ళి, తడిక పక్కకు తీయించి, మేనత్త ముందు నిలబడ్డారు. సభ మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆయన ఏదో నాట్యం చేస్తున్నట్టు ఒయ్యారంగా చేతులు చాచి వంగారు.

మొదట మెడ దగ్గరి గుండీ ఎగిరి మంత్రిగారి ఒళ్ళో పడింది. ఆ వెనకే మరో గుండీ. తర్వాత వీపు మీద చర్రుమన్న చప్పుడు. ఆ చప్పుడు ముంగిట్లోకి కూడా వినబడింది. సొంత దర్జీ కుట్టిన అంగీ చెన్నుభట్టు అంగీకన్నా పొడుగ్గా చిరిగింది. చిరుగు లోపల, వెలిసి తెల్లబోయిన ఒక పాత నూలు అంగీ, భుజం దగ్గర మాసికతో సహా అందరికీ కనబడింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి గుండె ధైర్యం కావాలి. బాయమ్మదేవి మాత్రం ముందుకు వంగి ఆ మాసికను వేలితో తడిమింది.

"ఒరే చిట్టినాయనా, ఇది మా అన్నయ్య అంగీ కదురా. ఈ మాసిక నేనే వేశాను. దీన్ని ఇంకా తొడుక్కుంటున్నావా?" అంది.

రాజుగారు వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. ఆ వయసులో, అంత కొలువు ముందు చిట్టినాయనా అనిపించుకుని ఎవరు తలెత్తగలరు? చాలాసేపటికి, ఆవిడకు మాత్రమే వినబడేలా, అది లేకపోతే వేసవిలో తనకు ఊపిరాడదని, అది ఒంటి మీద ఉంటే నాన్నగారు పక్కన ఉన్నట్టుంటుందని చెప్పారు. ఆవిడ మాత్రం అది అందరికీ వినబడేలా తిరిగి చెప్పింది. ముసలివాళ్ళకు రహస్యాలు దాచే ఓపిక ఉండదు. చెప్పేసి, తల మీద చెయ్యి పెట్టి దీవించింది.

రాజుగారు లేచి నిలబడ్డారు. సభంతా ఒక్కసారిగా ముంగిలి వైపు చూసింది. ఆజ్ఞ ఏమిటో అందరికీ తెలుసు. ఆయన కూడా అటే చూశారు.

ముంగిట్లో ఎండలో నిలబడ్డ చెన్నుభట్టు, రాజుగారి చూపు తన మీద పడగానే, చేతులు కట్టుకుని, ఒక్క అడుగు పక్కకు జరిగాడు. ఇంకొకరు నిలబడడానికి సరిపోయేంత చోటు చేశాడు. తన కాళ్ళ కింద కాస్త చల్లబడిన రాయిని ఆయనకే వదిలిపెట్టాడు.

రాజుగారి మీసం వణికింది. మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. ఇక చెన్నుభట్టు తల దక్కదని అందరూ అనుకుంటూ ఉండగా రాజుగారు పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుని సింహాసనం మెట్టు మీదే కూలబడ్డారు. ఆ నవ్వుకు అంగీకి మిగిలిన గుండీలు కూడా ఊడిపోయాయి. ఆయన ఆ మఖమలును విదిలించి అవతల పారేసి, పాత అంగీతో కూర్చుని, వట్టివేళ్ళ మీదుగా వచ్చే గాలిని నిండుగా పీల్చుకున్నారు.

"ఇటు రావయ్యా," అని చెన్నుభట్టును పిలిచారు. "నా లోపలి బట్ట సంగతి నీకెలా తెలిసింది?"

"ఈ కొలువులో గోక్కోని మహానుభావులు తమరొక్కరే ప్రభూ."

రాజుగారు ఇంకా నవ్వారు. చెన్నుభట్టు ఇదే సమయమని చేతులు జోడించాడు. కొత్తబట్ట కట్టినప్పుడల్లా పసుపూ, మొక్కులూ తప్పవనీ, ఏలినవారు ఈ లెక్కన ప్రతి వారం ఈ సభలో తమకన్నా పెద్దవారందరికీ వంగవలసి వస్తుందనీ చెప్పాడు. ముసలి కోశాధికారి మొదలు ద్వారపాలకుడి దాకా తల నెరిసినవారందరూ ఈ మాట విని కాస్త సర్దుకున్నారు.

"పాతబట్టకు ఆ బాధ లేదు," అన్నాడు చెన్నుభట్టు. "దానికి పసుపు ఎప్పుడో పెట్టారు. దీవెన ఎప్పుడో అందింది. దీవించినవాళ్ళు వెళ్ళిపోయినా దీవెన బట్టలోనే ఉండిపోయింది. తమ ఒంటి మీద తండ్రిగారిది ఉన్నట్టే, ఊళ్ళో ప్రతి భోషాణంలోనూ ఎవరిదో ఒకరిది ఉంది. ఈ మధ్యాహ్నం వాటిని చించి దివిటీలు చేస్తున్నారు ప్రభూ. వాటిలో మా అమ్మ వడికిన పంచె ఉంది."

ఈ చివరి మాట చెప్పేటప్పుడు అతని గొంతు చమత్కారం మరిచిపోయింది. రాజుగారు తన భుజం మీది మాసికను ఒకసారి ముట్టుకున్నారు. వెంటనే లేచి, గుర్రం మీద భటుణ్ణి దివిటీల కొట్టానికి పంపించారు. ఒక్క పోగు కూడా తెగకూడదని, ఎవరి బట్టలు వారికి చేర్చాలని, మఖమలు ఆజ్ఞ నేటితో రద్దని ప్రకటించారు. సభలో ఆ మాట పూర్తయ్యేసరికి సగం మంది గుండీలు విప్పేశారు. మిగిలిన సగం మంది విప్పలేక పక్కవాళ్ళ సాయం అడుగుతున్నారు. పురోహితుడు విప్పిన అంగీతో వీపు తుడుచుకుంటూ, ఇన్నాళ్ళకు స్వరం తప్పకుండా ఒక ఆశీర్వచనం చదివాడు.

చెన్నుభట్టుకు బహుమానంగా రాజుగారు జరీ శాలువా తెప్పించారు. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"శాలువా వద్దు ప్రభూ. కొత్తది కప్పితే మళ్ళీ ఈ సభలో పెద్దలందరికీ వంగాలి. పొద్దుటి నుంచీ వంగీ వంగీ నా నడుము తమ అంగీలాగే అయింది."

అయితే కప్పుకోనక్కర్లేనిదేదో ఇంటికే పంపిస్తామని రాజుగారు నవ్వుతూ సెలవిచ్చారు. ఆ మాట పూర్తి కాకముందే చెన్నుభట్టు కొట్టం వైపు పరుగు తీశాడు. చిరిగిన మఖమలు వెనక రెక్కల్లా ఎగురుతుంటే వీధిలో జనం ఆగి చూశారు.

కొట్టంలో చించడం మొదలు కానేలేదు. కారణం గుర్రపు భటుడు కాదు. సోమిదేవమ్మ వాకిలికి అడ్డంగా బట్టల మూట మీద పీట వేసుకున్నట్టు కూర్చుని ఉంది. చించాలంటే ముందు తనను లేపమని, పరాయి ఆడదాని మీద చెయ్యి వేసేవాడెవడో ముందుకు రమ్మని పొద్దుటి నుంచీ భటులతో పోట్లాడుతోందట. కత్తెర పట్టుకున్నవాడి తల ప్రాణం తోకకొచ్చింది. రాజాజ్ఞ రద్దయిందన్న కబురు తెలియగానే అందరికన్నా ముందు హమ్మయ్య అన్నది అతనే.

చెన్నుభట్టు మూట విప్పాడు. తెల్లని పంచెలు చాలా ఉన్నాయి. మరక ఉన్న పంచె ఒక్కటే ఉంది. అతను దాన్ని మొహానికి అద్దుకున్నాడు. పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరి సోమిదేవమ్మ అప్పుడు వదిలింది.

సాయంత్రం వాళ్ళ వాకిట్లోకి కోట నుంచి మామిడిపండ్ల బండి వచ్చింది. తుమ్మెదగిరి రాజతోటలోని పండ్లు, ఇంటి ముందు దింపితే వీధంతా ఘుమఘుమలాడింది. ఇక మీద ప్రతి ఏడూ వేసవి మొదటి రోజున కొలువుకు అందరూ తమకు బాగా ఇష్టమైన పాతబట్ట కట్టుకుని రావాలని, అది ఎక్కడిదో, ఎవరిచ్చారో సభలో చెప్పాలని రాజుగారు కొత్త ఆజ్ఞ వేశారట. మొదటి కథ తనే చెబుతారట. విప్పేసిన మఖమలు అంగీలన్నిటి కుట్లూ ఊడదీసి ఏనుగుల మీద కప్పించారు, వాటికి ఎవరికీ మొక్కే పని లేదు గనక. ఏనుగులు కూడా వాటిని కప్పిన వెంటనే దులిపేసుకున్నాయని మావటివాడు చెప్పాడు.

చెన్నుభట్టు స్నానం చేసి, పంచె కట్టుకుని, వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడు. మఖమలుతో అయితే పండు తినడానికి కూడా భయపడాలి. ఇప్పుడు ఏ భయమూ లేదు. బుట్టలోంచి ఒక పండు తీసి ముచ్చిక తుంచాడు. సొన చిమ్మి ఒక చుక్క పంచె మీద, పాత మరక పక్కనే పడింది.

సోమిదేవమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. అతను తల వంచుకుని సిద్ధంగా ఉన్నాడు, అచ్చం తల్లి ముందు కూర్చున్నట్టే. ఆమె ఆ రెండు మరకలనూ చూసింది. తెరిచిన నోరు మూసుకుని, అతని చేతిలోంచి పండు తీసుకుని, మిగిలిన సొన తనే పిండి పారబోసి తిరిగి ఇచ్చింది.

"ఈ ఏటి గుర్తు కూడా చేరింది లెండి. తినండి," అంది.